ఊఁ కొట్టి ఊరుకోకు, ఓ ముక్క కలుపు: స్క్రిప్టు లేని నాటకం పిల్లలకి ఎలా నేర్పుతారు?

ఆదివారం సాయంత్రం ఒడిశాలోని బరంపురంలో మా మేడ మీద ఇద్దరు గుంటలు, రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు. మొదటివాడు చేతుల్లో ఏదో బరువు మోస్తున్నట్టు నడిచొచ్చి "డాక్టరు బాబూ, మా మేక నిన్నట్నించి ఏటీ తినట్నేదు, ఓ పాలి సూడండి" అన్నాడు. భలే అన్నాడు, మేక కాళ్ళు కొట్టుకుంటున్నట్టు మోచేతులు కూడా కదుపుతున్నాడు. రెండోవాడు ఒక్క క్షణం ఆగి "నాను డాక్టర్ని కాను. నీ సేతుల్లో మేకా నేదు" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు, వాడికి ఊపొచ్చి కాలరెగరేశాడు. మొదటివాడు మాత్రం చేతులు దించేశాడు, మేక ఎటు పోయిందో తెలీదు, సీన్ అక్కడితో సరి.

ఓ పది నిమిషాలాగి అదే సీన్ ఇంకో జతకిచ్చాను. ఈసారి డాక్టరు ఎనిమిదో క్లాసు అమ్మాయి, ఎప్పుడూ ఫస్టొచ్చే రకం. "మేక తినట్లేదండి." "ఆగ్యా." "ఇంజక్షన్ చెయ్యాలేమోనండి." "ఆగ్యా." "డబ్బులు మాత్రం సంత రోజు ఇస్తానండి." "ఆగ్యా." ఒరియా స్కూల్లో టీచరు ఏమన్నా పిల్లలనే మాట అది, పూర్వం మనవాళ్ళు 'చిత్తం' అనేవారే, ఆ టైపు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తప్పు పట్టలేదు, కానీ మేక ఈసారి కూడా చచ్చింది.

నేను చెప్పాలనుకున్నదంతా ఈ రెండు మేకల మధ్యే ఉంది.

ఇంప్రొవైజేషన్ నాటకం, పొట్టిగా ఇంప్రోవ్, అంటే స్క్రిప్టు ఉండదు, డైలాగులు బట్టీ పట్టరు, ప్రాంప్టర్ ఉండడు, ఎవరు ఏ వేషం అనేది కూడా స్టేజి మీదకొచ్చాకే తేలుతుంది. ఆశుకవిత్వం లాగ ఆశునాటకం అనుకోండి. దీని గురించి యూట్యూబ్‌లో చూసినా, కంపెనీల ట్రైనింగుల్లో విన్నా మొట్టమొదట చెప్పే రూల్ ఒకటే, అవతలివాడు ఏమన్నా 'అవును' అను, అని దానికి ఇంకోటి జోడించు అని. సరే బానే ఉంది. కానీ దీన్ని ఉన్నదున్నట్టు మన పిల్లలకి చెప్తే ఏమవుతుందంటే మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేస్తారు, ఎందుకంటే అవును అనడంలో వాళ్ళకి పుట్టినప్పట్నించీ ట్రైనింగే. ఇంట్లో సరేనమ్మా, ట్యూషన్‌లో ఎస్సార్, స్కూల్లో ఆగ్యా. వాళ్ళకి నేర్పాల్సింది ఒప్పుకోవడం కాదు, ఒప్పుకున్న తర్వాత ఏం చెయ్యాలో అది.

అందుకే నేను ఆ రూల్‌ని మన భాషలోకి మార్చుకున్నాను. మా నాయనమ్మ కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టకపోతే ఆపేసేది, ఊఁ అంటే విన్నాను, నమ్మాను, ముందుకి పో అని. కానీ ఊఁ కొట్టేవాడు కథలో ఉండడు, చాప మీద ఉంటాడు, సగం నిద్రలో కూడా ఉంటాడు. అదే బుర్రకథ చూడండి, మధ్యలో తంబూరా పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు, ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. వాళ్ళు 'తందాన తాన' అని ఊరుకోరు, "అదేంటి గురూ, రాజుగారికి అంత కోపమెందుకొచ్చింది?" అని అడ్డం తగుల్తారు, ఆ ఊళ్ళో రోడ్డు బాలేకపోతే పల్నాటి యుద్ధం మధ్యలో ఆ రోడ్డు సంగతి తెస్తారు, అయినా కథ ఆగదు, పైగా దానివల్లే ముందుకెళ్తుంది. వంత చేసేది ఊఁ కొట్టడం కాదు, ముక్క కలపడం. మా క్లాసులో రూల్ ఇదే: ఊఁ కొట్టి ఊరుకోకు, ఓ ముక్క కలుపు.

ఇక్కడ ఇంకో చిక్కుముడి ఉంది, చాలామంది నేర్పేవాళ్ళు కూడా ఇక్కడే తడబడతారు. అవును అనాలంటే కథలో ఎవరూ కాదనకూడదా? డాక్టరు "నేను మనుషుల డాక్టర్నయ్యా, మేకల్ని చూడను, పోయిన వారం నీ గేదె తొక్కిన కాలే ఇంకా మానలేదు" అంటే అది కాదనడమే కదా? కాదు. మేక ఉందని ఒప్పుకున్నాడు, తను డాక్టరని ఒప్పుకున్నాడు, పైగా గేదెనీ కుంటికాలునీ కలిపాడు, కాదన్నది ఆ డాక్టరు వేషం, ఆడేవాడు కాదు. ఆడేవాళ్ళు ఇద్దరూ ఒక మేకని నమ్మితే చాలు, వేషాలు ఎంతైనా కొట్టుకోవచ్చు. ఈ తేడా ఒక్కటి బుర్రకెక్కితే పదకొండేళ్ళ పిల్లలు కూడా మూడు నిమిషాలు సీన్ నిలబెట్టేస్తారు, ఎక్కకపోతే కాలేజీ పిల్లలు కూడా 'కాదు', 'అవును' మధ్య పింగ్‌పాంగ్ ఆడుతూ ఉంటారు.

సరే, అసలిది ఎక్కణ్ణుంచొచ్చింది? స్టేజి మీద అప్పటికప్పుడు అల్లడం లోకమంతా ఉంది, దానికి ఎవరూ పేటెంట్ తీసుకోలేదు. కానీ పిల్లలకి ఒక పద్ధతిగా నేర్పొచ్చు అని ఆటలు తయారుచేసి పెట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది వయోలా స్పోలిన్ అనే ఆవిడ గురించి. 1906లో చికాగోలో పుట్టింది, 1920ల్లో నేవా బాయిడ్ అనే టీచరమ్మ దగ్గర ఆటల ద్వారా పిల్లల్ని కలపడం ఎలాగో నేర్చుకుంది, తర్వాత 1930ల చివర్లో, ఆర్థికమాంద్యం రోజుల్లో ప్రభుత్వం పెట్టిన ఉపాధి కార్యక్రమంలో నాటకాల సూపర్‌వైజర్‌గా పనిచేసింది. అక్కడికొచ్చేది వలసొచ్చిన కుటుంబాల పిల్లలు, పేదవాడల పిల్లలు, ఇంట్లో ఒక భాష వీధిలో ఇంకో భాష. నాటకాల పుస్తకాలు పట్టుకుని ఇలా నిలబడు అలా అను అంటే వాళ్ళకి ఎక్కదు, అందుకని ఆవిడ నటనంతా ఆటల్లోకి మార్చేసింది. ఆ ఆటలన్నీ 1963లో పుస్తకంగా వచ్చాయి. ఆవిడ కొడుకు పాల్ సిల్స్ 1955లో కంపాస్ అనే బృందం, 1959లో సెకండ్ సిటీ అనే థియేటరు మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడు, ఈ రోజు అమెరికాలో పేరున్న కమెడియన్లలో చాలామంది ఆ సెకండ్ సిటీ గుమ్మం తొక్కినవాళ్ళే. అంటే పిల్లల కోసం పుట్టిన ఆటలు పెద్దవాళ్ళ దగ్గరికెళ్ళి కామెడీ అయ్యాయి, మనం మళ్ళీ ఆ కామెడీని చూసి పిల్లలకి నేర్పాలనుకుంటున్నాం, తల తిప్పి ముక్కు పట్టుకున్నట్టు.

ఇంటి భాష ఒకటి, వీధి భాష ఒకటి అన్నానే, అది చదివినప్పుడు నాకు చికాగో గుర్తురాలేదు, మా వీధే గుర్తొచ్చింది.

ఇక అసలు ప్రశ్న. అప్పటికప్పుడు పుట్టాల్సినదాన్ని ముందే ఎలా నేర్పుతారు? ఫొటో స్టూడియోవాడు "నేచురల్‌గా నవ్వండి" అంటాడు చూడండి, అనగానే ఉన్న నవ్వు కూడా పోతుంది, అచ్చం అదే సమస్య. "ఏదైనా చెయ్యి, నీ ఇష్టం" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. నాకిది తెలియక మొదటేడాది ఒక తప్పు చేశాను. ఒక మెతక పిల్లాడు, ఏడో క్లాసు, వాడి బిడియం పోగొడదామని మంచి ఉద్దేశంతోనే అందరి ముందూ నిలబెట్టి "ఏదో ఒకటి చెయ్యరా, భయమెందుకు" అన్నాను. నిలబడ్డాడు. చొక్కా కింది గుండీ తిప్పుతూ నిలబడ్డాడు, తిప్పీ తిప్పీ దారం తెగి గుండీ చేతిలోకొచ్చింది, దాన్ని జేబులో వేసుకుని వెళ్ళి కూర్చున్నాడు. మరుసటి ఆదివారం రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. ఇప్పుడు మొదటి నెల్లో ఎవర్నీ ఒంటరిగా ముందుకి పిలవను, అందరూ ఒకేసారి ఆడతారు, చూసేవాడు ఉండడు.

స్పోలిన్ పద్ధతిలో కిటుకేంటంటే పిల్లవాణ్ణి 'నటించు' అని అడగరు, చెయ్యడానికి ఒక పని ఇస్తారు, బుర్ర ఆ పనిలో పడిపోతే భయపడ్డానికి ఖాళీ ఉండదు. మా దగ్గర పనికొచ్చే ఉదాహరణ చీర మడత. లేని చీరని ఇద్దరు పిల్లలు మడత పెట్టాలి, అంతే. చెరో కొస పట్టుకోవాలి, మధ్యలో చీర పొడవు ఇద్దరికీ ఒకటే కనపడాలి, దులిపితే అల ఇటునించి అటు వెళ్ళాలి, సగానికి మడిచాక దగ్గరికి నడిచి ఒకరి కొసలు ఇంకొకరికి అందించి మళ్ళీ కింద మడత పట్టుకోవాలి. చెప్పడానికి ఇంతే కానీ చేస్తే తెలుస్తుంది, ఇద్దరిలో ఒకడు తొందరపడితే చీర సాగిపోతుంది, ఒకడు చూడకపోతే కింద పడిపోతుంది. బరంపురం పట్టు నేసే ఇంటి అమ్మాయి ఒకర్తి ఉంది మా క్లాసులో, మాట్లాడమంటే నోరు విప్పదు, చీర మడత దగ్గరికొచ్చేసరికి ఎదుటి పిల్లాణ్ణి ఆపి "ఓరి, అంచు నేలకి తగుల్తంది, పైకెత్తు. కుంభం లోపలికి మడవకు, బైటికి రావాల" అంది. లేని చీర అంచు మీద లేని కుంభం డిజైను. వాడు నిజంగా కిందకి చూసి ఎత్తాడు. ఇంకో గుంటడు పక్కనించి "ఎంతకమ్ముతారప్పా?" అని అడిగితే ఆలోచించకుండా రేటు చెప్పింది, బేరం మొదలైంది, వాళ్ళకి తెలీకుండానే నాలుగు నిమిషాల సీన్ నడిచిపోయింది. నేను మాట్లాడు అని ఒక్కసారి కూడా అనలేదు.

ఇందులో నేర్పేవాడి పనేంటి మరి? ఆట జరుగుతుండగా పక్కనించి అరవడం, క్రికెట్‌లో వికెట్ కీపర్ అరుస్తూ ఉంటాడే అలాగ. "చీర బరువు చూడండి!" "కళ్ళు ఎదుటివాళ్ళ మీద!" "గాలేస్తోంది!" అంతే. ఆట ఆపి లెక్చర్ ఇవ్వకూడదు, "శభాష్" అనీ అనకూడదు, "బాలేదు" అనీ అనకూడదు. శభాష్ ఎందుకనకూడదు అని టీచర్ మిత్రులు నాతో పోట్లాడతారు. ఒకసారి శభాష్ అన్నారా, ఇక పిల్లలు చీర చూడ్డం మానేసి మీ మొహం చూస్తారు. స్పోలిన్ మొత్తుకున్నది కూడా ఇదే, మెప్పు కోసం ఆడేవాడూ తిట్టుకి భయపడేవాడూ ఒకే తాడుకి కట్టేసి ఉన్నవాళ్ళు అనే అర్థంలో. నాకైతే ఇది మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం, మూడేళ్ళయినా నోట్లోంచి 'వెరీ గుడ్' జారిపోతూనే ఉంటుంది.

రెండో పెద్దాయన కీత్ జాన్‌స్టోన్. ఇంగ్లండువాడు, లండన్ రాయల్ కోర్ట్ థియేటర్లో పనిచేసి తర్వాత కెనడాలో కాల్గరీకి వెళ్ళిపోయాడు, 1977లో అక్కడ లూస్ మూస్ అనే థియేటరు పెట్టిన వాళ్ళలో ఉన్నాడు, జట్లు జట్లుగా పోటీపడి ఇంప్రోవ్ ఆడే పద్ధతి ఆయన పుణ్యమే, 2023లో పోయాడు. ఈయన చెప్పినవాటిలో మనకి బాగా పనికొచ్చేవి రెండు.

ఒకటి, తెలివిగా ఉండాలని చూడకు, నీకు మామూలుగా తోచిందే అను. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది కానీ తెలుగింట్లో ఇది తిరుగుబాటు లాంటిది. మన భాషలో 'నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నాడు' అనేది తిట్టు. ఆలోచించి మాట్లాడు, పెద్దాళ్ళ ముందు ఆచితూచి మాట్లాడు, తప్పొస్తుందనుకుంటే అసలు మాట్లాడకు. అలా పెరిగిన పిల్లవాడు స్టేజెక్కి గొప్ప మాట కోసం వెతుకుతాడు, వెతికేలోపు సీన్ చల్లారిపోతుంది. దీనికి విరుగుడుగా మేము పిట్టల దొర ఆట ఆడతాం. ఖాకీ నిక్కరు, టోపీ, కర్ర తుపాకీ వేసుకొచ్చి కోతలు కోస్తాడే ఆ దొర. ఒకడు "నేను నిన్న గోపాల్‌పూర్ సముద్రంలో ఏనుగుని పట్టాను" అంటే పక్కవాడు ఆగకుండా "అవును, దాని తొండం ఇచ్ఛాపురం దాకా వచ్చింది, రైలాపేశారు" అనాలి, మూడోవాడు "ఆ రైల్లో నేనే ఉన్నాను, తొండం మీద నడిచే ఇంటికొచ్చాను" అనాలి. కోత కదా, తప్పు అనేదే ఉండదు, ఎంత పెద్దది కోస్తే అంత మర్యాద. మా గంజాం జిల్లా పల్లెల్లో చైత్రంలో ఆడే దండనాట అనే జానపద ఆట చూసిన పిల్లలకి పిట్టలు పట్టే చఢెయా, వాడి పెళ్ళాం ఇద్దరూ వాదులాడుకునే ఘట్టం తెలుసు, వాళ్ళకైతే ఈ ఆట గురించి వివరించక్కర్లేదు కూడా.

రెండోది స్టేటస్. జాన్‌స్టోన్ దృష్టిలో ఇద్దరు మనుషులు ఎక్కడ కలిసినా, చెంబుడు నీళ్ళు అడిగినా సరే, ఎవరిది పైచెయ్యి ఎవరిది కిందచెయ్యి అనే తూకం లోపల నడుస్తూనే ఉంటుంది, నిలబడే తీరులో, చూపులో, మాట మధ్య ఆగే తీరులో. అది హోదా కాదు, ఆడే తీరు. పనమ్మాయి యజమానురాలి మీద పైచెయ్యి ఆడొచ్చు. ఆయన కళ్ళూ తలా కదలకుండా మాట్లాడటం, ముఖం తడుముకోవడం లాంటివి చూపించి నేర్పేవాడు, కానీ మనకి అంతకంటే సులువైన మీట ఒకటి నాలిక మీదే ఉంది. నువ్వు, మీరు. ఒరియాలో అయితే ఇంకో మెట్టెక్కువ: తు, తుమె, ఆపణ. ఇంగ్లీషువాళ్ళకి ఈ సదుపాయం లేదు పాపం, వాళ్ళు తల కదపకుండా కూర్చుని కష్టపడాలి, మనం క్రియ చివర 'అండి' తీసేస్తే చాలు ఇంట్లో గిన్నెలు ఎగురుతాయి.

దీన్ని ఆటగా ఎలా ఆడతామంటే, టీ కొట్టు సీన్. కొట్టతను, అప్పు పెట్టిన గుమస్తా. గుమస్తా "ఏరా, టీ ఇయ్యి" అని మొదలెడతాడు, కొట్టతను "ఇస్తున్నా బాబూ". షరతేంటంటే సీన్ అయ్యేసరికి పిలుపులు తిరగబడాలి, కానీ ఒక్కసారిగా కాదు, ఒక్కో మాటకి ఒక్కో మెట్టు. ఒకరోజు కొట్టతను వేసిన పిల్లాడు గ్లాసు కడుగుతూ (లేని గ్లాసే) తలెత్తకుండా "నూట నలభై అయింది బాబూ" అన్నాడు. గుమస్తా "ఇచ్చేస్తానులే". "ఇచ్చేస్తారు, ఎప్పుడు?" ఇక్కడ బాబూ పోయింది. "ఫస్టుకి." "ఏ ఫస్టుకి చెప్పు." మీరు కూడా పోయింది. గుమస్తా వేసినవాడు దానికి ఏం చేశాడో తెలుసా, లేచి నిలబడ్డాడు, స్టూల్ తుడిచి కొట్టతనికి జరిపాడు, "కూచో అన్నా" అన్నాడు. మేడ మీద ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. అలా చెయ్యమని వాడికి ఎవరూ చెప్పలేదు. అదే స్టేటస్ అంటే.

భాష దగ్గరికొచ్చాం కాబట్టి ఇంకో మాట. మా పిల్లలు ఇంట్లో తెలుగు, అదీ నాను, నేదు, ఏటి అనే తెలుగు, స్కూల్లో ఒరియా, ఫోన్లో హిందీ, ట్యూషన్‌లో ఇంగ్లీషు. తెలుగులో సీన్ చెయ్యండి అంటే మొదట్లో ఒక వింత జరిగేది, సీరియల్ భాషలోకి వెళ్ళిపోయేవాళ్ళు, "ఏమండీ, మీరు నన్ను అపార్థం చేసుకుంటున్నారు" టైపు. ఆ భాషలో వాళ్ళకి సొంత మాట ఒక్కటి కూడా తోచదు, ఎందుకంటే ఆ భాషలో వాళ్ళు ఎప్పుడూ ఏదీ అడుక్కోలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. ఇంటి మాటలోకి మారగానే సీన్ పరిగెడుతుంది. మనకిది కొత్తేం కాదు, ఈ గట్టు మీదే తేలిన సంగతి. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరి, చుట్టుపక్కల కొండల్లో సవరల భాష నేర్చుకుని, వాళ్ళకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పూనుకుని, ఆ తర్వాత తెలుగు కూడా మాట్లాడినట్టే రాయాలని జీవితాంతం పోట్లాడాడు. అప్పటికి ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, 1936లో ఒడిశా ఏర్పడ్డాక పర్లాకిమిడి ఇటు, శ్రీకాకుళం అటు అయ్యాయి. నోటికి రాని భాషలో బుర్ర పనిచెయ్యదు అనేది ఆయన తరగతి గదిలో ఎంత నిజమో మా మేడ మీదా అంతే నిజం. కాబట్టి మా దగ్గర భాష కలిసిపోతుంది, తెలుగులో తిట్టి ఒరియాలో బతిమాలి హిందీ పాటతో ముగిస్తారు, నేను దిద్దను. అర్థంలేని భాషలో మాట్లాడే ఆట కూడా ఉంది, ఒకడు "గబ్డిడి జంబలక" అంటూ చేతులూపుతుంటే పక్కవాడు తెలుగులో అనువాదం చెప్తాడు, బిడియస్తులకి అది దేవుడిచ్చిన వరం, ఎందుకంటే అందులో తప్పు తెలుగు ఉండదు.

ఇప్పుడు ఒక అపోహ. ఇంప్రోవ్ అంటే రూల్స్ లేకపోవడం అని. అష్టావధానం చూసినవాళ్ళు ఈ మాట అనరు. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు మాటలిచ్చి వాటిని పద్యంలో ఇరికించమంటారు, నిషిద్ధాక్షరి అడిగేవారు అడుగడుగునా ఈ అక్షరం వాడకూడదు అని గండి కొడతారు, అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యలో సంబంధం లేని ప్రశ్నలేసి ధ్యాస చెడగొడతారు. అవధాని చేస్తున్నది ఇంప్రోవే, అయితే ఛందస్సు మీద ఏళ్ళ తరబడి సాధన ఉంది కాబట్టి ఆ కట్లు ఆయనకి ఊతకర్రలు అవుతాయి. ఇష్టమొచ్చిన పద్యం చెప్పండి అంటే అంత రక్తి కట్టదు. పిల్లలకీ అంతే. 'బస్టాండ్ సీన్ చెయ్యండి' అంటే దిక్కులు చూస్తారు, 'బస్టాండ్ సీన్, కానీ ప వాడకూడదు' అంటే రెచ్చిపోతారు. మేము దత్తపది కూడా ఆడతాం, చూసేవాళ్ళు నాలుగు మాటలిస్తారు, అప్పడం, అంబులెన్స్, అత్తగారు, ఆధార్ కార్డు, సీన్ అయ్యేలోపు నాలుగూ రావాలి.

లాభమేంటి, సర్టిఫికెట్ ఇస్తారా అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. సర్టిఫికెట్ లేదు. పరిశోధనల సంగతంటే ఉన్నాయి కానీ వాటిని ఊదరగొట్టే వీడియోల్ని నమ్మొద్దు. 2008లో అమెరికాలో ఆరుగురు జాజ్ పియానో కళాకారుల్ని ఎంఆర్ఐ మెషిన్లో పడుకోబెట్టి అప్పటికప్పుడు అల్లి వాయించమంటే, మెదడులో తనని తాను కాపలా కాసుకునే పనికి సంబంధించిన భాగం నెమ్మదించినట్టు కనపడింది. ఆసక్తికరమే, కానీ ఆరుగురు, పైగా సంగీతం, పైగా ఆరితేరినవాళ్ళు, దీన్ని మా ఏడో క్లాసు పిల్లలకి అతికించలేం. డెట్రాయిట్‌లో స్కూలు పిల్లలకి పది వారాల ఇంప్రోవ్ క్లాసు పెట్టి ముందూ తర్వాతా అడిగితే నలుగురిలో మెలగాలంటే ఉండే భయం తగ్గినట్టు చెప్పారని 2019లో ఒక అధ్యయనం వచ్చింది. క్లాసు తీసుకోని పిల్లలతో పోల్చి చూడలేదు కాబట్టి అది ఇంప్రోవ్ మహిమా, పది వారాలు ఒకే స్నేహితులతో గడపడం మహిమా అనేది తేలదు. నన్నడిగితే రెండోదైనా నాకభ్యంతరం లేదు.

ప్రమాదాలు చెప్పకపోతే సగం చెప్పినట్టే. నోటికొచ్చిన మొదటి మాట అనమంటే, మొదట వచ్చేది ఎక్కువసార్లు చెత్తే. రీల్స్‌లో చూసిన వెకిలి, లావు మీద జోకు, నలుపు మీద జోకు, నత్తి అనుకరణ, కులం పేరుతో వెటకారం, ఆడపిల్ల నడక. ఏమన్నా ఒప్పుకోవాలి అనే రూల్‌ని అడ్డం పెట్టుకుని ఒక పెద్ద గుంటడు ఇంకొకడిచేత కాళ్ళు పట్టించుకోవడం కూడా చూశాను. అందుకే మా దగ్గర రెండు తలుపులున్నాయి. వేషం కాదనొచ్చు, పైన చెప్పాను. ఆడేవాడు కూడా చప్పట్లు రెండు కొట్టి సీన్ ఆపెయ్యొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు. ఎవర్నైనా ముట్టుకోవాలంటే ముందు ఆటకి బైట అడగాలి. ఇక వెకిలి జోకుకి నేను తిట్టను, తిడితే దానికి రుచి పెరుగుతుంది, పక్కనించి "ఆ మనిషికి ఇప్పుడెలా ఉంది? మొహంలో చూపించు" అని అరుస్తాను. జోకు వేసినవాడే ఆ మనిషి వేషంలోకి వెళ్ళాల్సొస్తుంది. పదిసార్లలో ఆరుసార్లు పనిచేస్తుంది, నాలుగుసార్లు చెయ్యదు, అప్పుడు సీన్ ఆపేసి మంచినీళ్ళ బ్రేక్.

ఎన్జీవోలు వేసే వీధినాటకాలూ ఇదీ ఒకటేనా అంటే చుట్టాలే కానీ ఒకటి కాదు. బ్రెజిల్‌కి చెందిన అగస్తో బోల్ 1970ల్లో తెచ్చిన ఫోరం థియేటర్లో చూసేవాడే లేచొచ్చి నేనైతే ఇలా చేస్తాను అని పాత్రలోకి దిగుతాడు, అందులో ఇంప్రోవ్ ఉంది, కానీ ఒక సమస్యని తేల్చుకోవడానికి. బాల్యవివాహం మీద అలా చేస్తే గొప్పగా ఉంటుంది. కానీ మొదటి రోజే పిల్లలకి సందేశం నెత్తిన పెడితే మళ్ళీ ఆగ్యా మొదలవుతుంది, టీచరుకి ఏం వినాలనుందో అదే అంటారు. మేక డాక్టర్లు అవ్వనివ్వండి ముందు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి: పది నుంచి పదహారు మంది చాలు, ఇరవై దాటితే సంత. చెప్పులు విప్పించండి, ఫోన్లు ఒక బుట్టలో పెట్టించండి, గంటన్నర మించి లాగకండి. మొదటి నాలుగు వారాలు ప్రేక్షకులు వద్దు, అమ్మానాన్నలు అసలే వద్దు. స్కూలు వార్షికోత్సవాలకి తొందరపడకండి, ఒక స్కూల్లో రెండు వారాల ముందే డైలాగు కాపీ కావాలన్నారు, లేదంటే నమ్మలేదు, చివరికి మా టైము దేశభక్తి డ్యాన్సుకిచ్చారు. తప్పు వాళ్ళది అనుకోను, స్టేజి మీద ఎవడు ఏమంటాడో తెలీని ప్రోగ్రామ్‌కి ఏ హెడ్మాస్టరు సంతకం పెడతాడు. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, జరిగే ఏడాదిలో అయితే ఇంకా సులువు, రెండేళ్ళకోసారి ఊరంతా పులి వేషాలు, దేవుడి వేషాలు వీధుల్లో తిరుగుతుంటాయి, పిల్లల్ని తీసుకెళ్ళి ఒక వేషగాడి వెంట గంటసేపు నడిపించండి, కొట్టువాడు పదిచ్చినప్పుడు ఎలా మాట్లాడాడు, పొమ్మన్నప్పుడు ఎలా మాట్లాడాడు అని చూడమనండి. నా క్లాసు కంటే అది పెద్ద క్లాసు.

ఇక పెద్దవాళ్ళ ముందు ఆడటం మొదలయ్యాక ఒక బాధ తప్పదు. "ఏదైనా సందర్భం చెప్పండి" అని ప్రేక్షకుల్ని అడగ్గానే వెనకనించి ఒక మావయ్య "పెళ్ళిచూపులు!" అని అరుస్తాడు. ప్రతిసారీ పెళ్ళిచూపులే, ఇంకేం తోచదు వాళ్ళకి. పోయిన నెల కూడా అదే. పిల్లలు నీరుకారిపోయారు, పెళ్ళికొడుకు వేసినవాడు కుర్చీలో, పెళ్ళికూతురు తలొంచుకుని, అందరికీ తెలిసిన సీనే, ఎవరికీ మాట పెగలట్లేదు. చీర మడత అమ్మాయి పక్కనించి లేచి వాళ్ళిద్దరి మధ్యకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది, రెండు చేతులూ పళ్ళెంలా పట్టుకుని తల మీదకెత్తింది. ఎవరనుకోవాలో తెలీక అందరూ చూస్తున్నాం. అప్పుడంది, కొంచెం విసుగ్గా: "నేను ఉప్మాని. సల్లారిపోతన్నాను. ఎవులోకలు మాటాడండి."